చెయ్యి తీసినా మోగే మెట్టు

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. పడకపోయి ఉంటే ఈ కథ లేదు, డైరెక్టరుగారి మోకాళ్లకి ఆ నొప్పులూ లేవు.

చింతలగెడ్డ ప్రభుత్వ సంగీత పాఠశాలకి ఉన్నది ఒకే ఒక్క హార్మోనియం. కాళ్లతో పెడళ్లు తొక్కుతూ వాయించే పాతకాలపు నాటకాల పెట్టె. తేమకి దాని చెక్క ఉబ్బింది. ఉబ్బి, మధ్య స్థాయిలో గాంధారం మెట్టు పక్కమెట్టుని ఒరుసుకోవడం మొదలెట్టింది. నొక్కితే దిగుతుంది, వేలు తీస్తే లేవదు. పిల్లలు స, రి, గ దాటి మధ్యమానికి వెళ్లిపోయినా వెనక గాంధారం మాత్రం "గా..." అంటూ అక్కడే ఉంటుంది, పెళ్లివారంతా వెళ్లిపోయినా విడిదింట్లో ఉండిపోయిన మేనమామలాగా.

"ఏటి మేడమ్మా, అలా సూత్తుండిపోనారు?" అన్నాడు అటెండరు నూకరాజు. "మెట్టు పైకి పీకి, పక్కన ఉప్పుకాయితంతో రెండు రుద్దులు రుద్దితే సరి. మా బామ్మర్ది ఉబ్బిపోయిన తలుపులకి అదే సేత్తాడు. నేను బజారుకెల్లి ఓ ముక్క అట్టుకొచ్చీసినాను కూడాను."

ఇన్‌చార్జి ప్రిన్సిపాలు వర్ధనానికి ఆ సంగతి తెలియక కాదు. ఆ హార్మోనియం ఆమె తండ్రిది. సన్యాసయ్య అంటే ఆ చుట్టుపక్కల నాటకాలాడే ఊళ్లన్నిటికీ తెలుసు. ఆయన ప్రతి వానాకాలమూ వీధరుగు మీద కూర్చుని మెట్లు రుద్దుకోవడం చూస్తూ పెరిగిన పిల్ల ఆమె. కానీ పోయేముందు ఆయన ఆ పెట్టెని బడికి రాసిచ్చేశారు. "ఇంట్లో ఉంటే సామానే అమ్మా. పిల్లల మధ్యన ఉంటేనే హార్మోనియం" అన్నారు. ఇచ్చిన మర్నాడే దాని నుదుటి మీద తెల్లరంగుతో నంబరు వేశారు. అప్పటినుంచి అది సన్యాసయ్య పెట్టె కాదు, ప్రభుత్వ ఆస్తి. వర్ధనం వాయించవచ్చు గానీ గీకకూడదు.

అందులోనూ వెనకటి ప్రిన్సిపాలుగారు తంబూరాకి తెగిన తీగ ఒకటి సొంత తెలివితో మార్చి, ప్రభుత్వ ఆస్తి రూపురేఖలు మార్చారన్న అభియోగానికి సంజాయిషీ రాస్తూ రాస్తూనే రిటైరయ్యారు. అది కళ్లారా చూసిన మనిషి వర్ధనం. అందుకని ఉప్పుకాగితం ముక్కని చేతిసంచిలో పడేసుకుని, లలితకళల డైరెక్టరుగారికి ఉత్తరం రాసింది: "సదరు హార్మోనియము నందలి గాంధారపు మెట్టు ఒకసారి నొక్కిన పిమ్మట లేచుట లేదు. చెయ్యి తీసినను మోగుచునే యున్నది. మరమ్మతునకు అనుమతి దయచేయించ ప్రార్థన."

గోటితో పోయేదాని కోసం గొడ్డలికి కబురు పెట్టడమంటే ఇదే. గొడ్డలి కారులో వచ్చింది.

ఆ రోజుల్లో డైరెక్టరేటులో 'అలుపెరగని సేవ' అనే ఉద్యమం నడుస్తోంది. అంతకుముందు 'కాగితం లేని కార్యాలయం' నడిచింది, దాని గురించి పంపిన కాగితాలతో బడిలో ఒక బీరువా నిండిపోయింది. ఈ కొత్త ఉద్యమానికి ఊపిరి డాక్టర్ ప్రభంజన్ అనే పని సంస్కృతి నిపుణుడు. ఆయన ఏ పనైనా చేస్తుండగా ఎవరూ చూడలేదు గానీ, పని గురించి ఆయన మాట్లాడితే విన్నవాళ్లకి చెమటలు పట్టేవి. డైరెక్టరు త్రిపురాంతకంగారు ఆయన్ని విడిచి కాఫీ కూడా తాగడం లేదు. వర్ధనం ఉత్తరం చదివి ఇద్దరూ కలిసే బయల్దేరారు.

"సమస్య ఏమిటో సంక్షిప్తంగా నివేదించండి" అన్నారు డైరెక్టరుగారు.

"ఈ మెట్టు పట్టేస్తోంది సార్."

ప్రభంజన్ ముందుకి వంగాడు. వర్ధనం పెడళ్లు తొక్కుతుంటే గాంధారం నొక్కి, వేలు తీసేసి, ఆ వేలు అందరికీ చూపించాడు.

"నేను చెయ్యి తీశానా?"

"తీశారు సార్."

"పని ఆగిందా?"

"లేదు సార్. అదే కదా..."

"ఆగండి." పక్కనున్న మధ్యమం నొక్కి వదిలేశాడు. అది టక్కున లేచి ఊరుకుంది. "ఇప్పుడు?"

"ఆగింది సార్."

ప్రభంజన్ నెమ్మదిగా డైరెక్టరుగారి వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు నిలిచాయి. "సార్, మీరే సెలవియ్యండి. వీటిలో జబ్బుపడ్డది ఏది?"

త్రిపురాంతకంగారు కళ్లజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. గాంధారం మోగుతూనే ఉంది. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది.

"పై అధికారి వేలు ఉన్నంతసేపే నోరు విప్పి, వేలు తీయగానే పని ఎగ్గొట్టే మెట్లు ఇన్ని ఉన్నాయా మన శాఖలో! ఇన్నేళ్లుగా వీటికి జీతాలివ్వలేదు గనుక సరిపోయింది!"

"సార్, మెట్టు లేవకపోతే పాట నడవదు" అంది వర్ధనం. "ఒక స్వరం తప్పుకుంటేనే కదా ఇంకో స్వరం..."

"తప్పుకోవడం!" అన్నాడు ప్రభంజన్ బాధగా. "ఈ మాటే మేడమ్, ఈ దేశాన్ని వెనక్కి లాగుతోంది."

ఆ సాయంత్రమే గాంధారానికి పూలదండ వేసి ఫొటో తీశారు. 'ఉత్తమ మెట్టు' అని చిన్న ఇత్తడి పలక కూడా బిగించారు. పలక బరువుకి అది ఇంకాస్త గట్టిగా పట్టేసింది.

వారం తిరక్కుండా మిగతా మెట్లన్నిటికీ షోకాజు నోటీసులొచ్చాయి. "పర్యవేక్షణ తొలగిన తక్షణమే విధుల నుండి వైదొలగుచున్నందులకు మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదు?" మెట్లకి చదువు రాదు కాబట్టి వాటి తరఫున వర్ధనమే సంజాయిషీ రాసింది. మా అడుగున స్ప్రింగులున్నాయనీ, లేవడం మా స్వభావమనీ, క్షమించమనీ. సంజాయిషీ సంతృప్తికరంగా లేదని జవాబొచ్చింది. స్వభావమును సాకుగా చూపుట అవిధేయత యగును.

ఇక చిలికి చిలికి గాలివాన అయింది. గాంధారం ఆదర్శాన్ని మెట్ల దగ్గరే ఆపేయడం అన్యాయమని డైరెక్టరుగారికి తోచింది. నొక్కినదేదైనా నొక్కినట్టే ఉండాలని ఉత్తర్వులిచ్చారు. డైరెక్టరేటులో కాలింగు బెల్లు ఒకసారి నొక్కితే సాయంత్రం దాకా మోగేది, ఎవరిని పిలుస్తున్నారో తెలియక అటెండర్లందరూ అన్ని గదులకీ పరుగెత్తేవారు. అధికారి వస్తే లేచినవాళ్లు మళ్లీ కూర్చోకూడదన్నారు, దాంతో కుర్చీలు మిగిలిపోయి గోడౌనుకి వెళ్లాయి. డైరెక్టరుగారికి రెండు చేతులెత్తి నమస్కారం పెట్టిన ఒక జూనియరు అసిస్టెంటు, చేతులు విడదీస్తే సేవ ఆగినట్టవుతుందని భయపడి అలాగే ఉండిపోయాడు. అతనికి మధ్యాహ్నం పక్క సీటువాడు అన్నం కలిపి తినిపించాడు. సాయంత్రం భార్య వచ్చి అదే భంగిమలో రిక్షా ఎక్కించుకుపోయింది. వీధిలోవాళ్లు ఎన్నికల్లో నిలబడ్డాడనుకున్నారు.

వర్ధనం ఇదంతా విని మొదట నవ్వింది. నూకరాజుతో కలిసి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకముందే తర్వాతి సర్క్యులరు వచ్చింది.

"గాంధారమునకు తేమ వలన లభించిన నిలకడను తక్కిన మెట్లకును సమానముగా అందజేయుట శాఖాధర్మము. కావున సదరు హార్మోనియమును ఆరుబయట వానలో ఉంచి తేమ శిక్షణ గరపవలెను. పిమ్మట స్థానిక పురమందిరములో డైరెక్టరువారు స్వయముగా వాయించి అలుపెరగని హార్మోనియమును జాతికి అంకితము చేయుదురు."

వానలో పెడితే స్వరాలు పలికే ఇత్తడి రీడ్లకి చిలుము పడుతుంది. తిత్తుల తోలు కుళ్లిపోతుంది. మళ్లీ ఎంత ఎండబెట్టినా, ఏ మెట్టు నొక్కితే తండ్రి గొంతు వినిపిస్తుందో ఆ మెట్టు దగ్గర గాలి మాత్రమే వస్తుంది. ఆయన ఫొటో ఒకటి ఇంట్లో ఉంది గానీ, ఫొటోలో ఆయన ఎవరో పెళ్లికొచ్చినవాడిలా ఉంటారు. ఆయన ఉన్నది ఈ పెట్టెలోనే.

"వెళ్లి వెళ్లి నేనే రాశాను నూకరాజూ" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. "కోరి కొరివితో తల గోక్కున్నాను. రెండు రుద్దులు రుద్దేస్తే పోయేది."

"ఏడకండి మేడమ్మా. వానలో ఎట్టినాం అని రాసీండి. ఎవుడు సూడొత్తాడు?"

"అబద్ధం రాయలేను. పైగా ఆరోజు ఆయన నొక్కగానే అన్నీ టకటకా లేచాయనుకో, ఈసారి ఏకంగా గెడ్డ నీళ్లలో ముంచమంటారు."

ఆ ఆదివారం మధ్యాహ్నం బడికి వెళ్లి, తలుపు తీసిన నూకరాజు వరండాలో ఉండిపోతే, ఒక్కతే హార్మోనియం ముందు కూర్చుంది. పెట్టె కొంచెం ఊగింది. దానికి మొదట్నుంచీ ఒక కాలు పొట్టి. తండ్రి ఏ ఊళ్లో నాటకమైతే ఆ ఊరి కరపత్రమే మడిచి ఆ కాలి కింద దోపేవారు. ఆఖరి కరపత్రం ఎప్పుడో అరిగిపోయింది. ఆమె వంగి, అటూ ఇటూ చూసి, చేతిలో ఉన్న సర్క్యులరునే మడిచి కాలి కింద పెట్టింది. పెట్టె కదలకుండా నిలబడింది.

వర్ధనం అలాగే నేల మీద కూర్చుని కాలి వంక చూసింది. తర్వాత మెట్ల వంక చూసింది. తర్వాత బీరువా వంక చూసింది.

"నూకరాజూ!" అని కేకేసింది. "బీరువా తాళాలు తే!"

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ కూర్చుని సర్క్యులర్లు చింపారు. సన్నగా మడిచి, మెట్టుకీ మెట్టుకీ మధ్య సందులో జడపిన్నుతో లోపలికి తోశారు. ప్రభుత్వం వాడేది మంచి దిట్టమైన కాగితం. నొక్కితే మెట్టు దిగుతోంది, దిగినది లేవడం లేదు. చెక్కకి చుక్క నీరు తగల్లేదు. ఒక్క గాంధారానికి మాత్రం ఏ ఉత్తర్వూ అవసరం లేకపోయింది.

"ఇన్నాళ్లకి ఈ కాయితాలు ఒక పనికొచ్చినాయండి" అన్నాడు నూకరాజు.

పురమందిరం రోజున ఊరు ఊరంతా వచ్చింది. సన్యాసయ్య పెట్టెని డైరెక్టరుగారు వాయిస్తారట అంటే చూడని పాపం ఎందుకని వచ్చారు. ముందు వరసలో లంక సీతన్న కూర్చున్నాడు. ఎనభై దాటినవాడు. ఆ ప్రాంతంలో పద్యనాటకం ఎక్కడాడినా ముందు వరస ఆయనదే, వన్స్‌మోరూ ఆయనదే. చింతలగెడ్డలో వన్స్‌మోరు అంటే తిరుగులేదు. పద్యం నచ్చి జనం ఆ కేక వేశారంటే, చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చావాల్సిందే. కాదని తెరలోకి పోయిన నటుడు మళ్లీ ఆ ఊళ్లో ముఖానికి రంగు వేసుకోలేదు.

"తేమ శిక్షణ ఫలించిందా?" అడిగారు డైరెక్టరుగారు వేదికెక్కుతూ.

"మెట్లన్నీ ఉత్తర్వుల ప్రకారమే ఉన్నాయి సార్" అంది వర్ధనం. అది నిజమే కదా.

ప్రభంజన్ మైకు పట్టుకున్నాడు. "మహాజనులారా! ఈ వాద్యానికి ఇక విశ్రాంతి అనేది లేదు. దీన్ని తొక్కే పాదానికీ లేదు. శబ్దం ఆగితే సేవ ఆగినట్టే! ఆగిన పాదం ద్రోహి పాదమే!"

పత్రికలవాళ్లు రాసుకున్నారు. డైరెక్టరుగారు పెడళ్లు తొక్కుతూ, ఉత్సాహం పట్టలేక రెండు మోచేతులూ మెట్ల మీద ఆనించి ఈ చివరి నుంచి ఆ చివరికి లాగేశారు. మెట్లన్నీ దిగాయి. దిగినవి దిగినట్టే ఉన్నాయి.

ఆ మోతని ఏమనాలో తెలుగులో మాట లేదు. పురమందిరం చూరులో పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి. బయట కుక్కలు తలలెత్తి ఊళలు అందుకున్నాయి. మూడో వరసలో నిద్రపోతున్న పసివాడు లేచి, ఏడవబోయి, తన గొంతు తనకే వినబడక మానుకున్నాడు. ప్రభంజన్ చప్పట్లు మొదలెట్టాడు.

డైరెక్టరుగారు కాసేపు చిరునవ్వుతో తొక్కారు. తర్వాత నవ్వు పోయి తొక్కడం మిగిలింది. ఇక చాలన్నట్టు పాదం ఎత్తబోయారు. సరిగ్గా అప్పుడే ముందు వరసలో సీతన్న చేతికర్ర మీద లేచి నిలబడ్డాడు.

"వన్స్‌మోర్!"

పాదం మళ్లీ పడింది. ఊరు మొత్తానికి సంగతి అర్థమైపోయింది. సన్యాసయ్య పెట్టెని వానలో పెట్టమన్న మనిషి ఈయనేనని నూకరాజు అప్పటికే వరసవరసకీ చెప్పి ఉన్నాడు. ఆయన కాలు ఎప్పుడు నెమ్మదిస్తే అప్పుడు ఒక మూల నుంచి "వన్స్‌మోర్!" అని కేక. ఆడవాళ్ల వైపు నుంచి కూడా లేచింది. పత్రికలవాళ్లు కూడా అరిచారు. చెమటకి డైరెక్టరుగారి కళ్లజోడు జారి మెట్ల మీద పడింది, తీసుకోవడానికి చెయ్యి ఖాళీ ఉన్నా ధైర్యం లేకపోయింది. పక్కన ప్రభంజన్ చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి, ఆపితే తన ఉద్యమానికే అవమానం.

"మేడమ్!" అన్నారు డైరెక్టరుగారు వర్ధనం వైపు వంగి, ఆ మోతలోనే. "దీన్ని ఆపడానికి... ఏదైనా మార్గం..."

"మీరు కాళ్లు ఆపితే చాలు సార్."

"అది కుదరదు! పేపరువాళ్లున్నారు!"

"అయితే సర్క్యులర్లు వెనక్కి తీసుకోవాలి సార్."

"తీసుకున్నాం! తీసుకున్నాం! ఇది నా ఉత్తర్వు!"

వర్ధనం తలలోంచి జడపిన్ను తీసింది. మొదటి సందులోంచి కాగితం మడత లాగి, విప్పి, మైకులో చదివింది. "కాగితం లేని కార్యాలయం." ఆ మెట్టు టక్కున లేచింది. మోతలో ఒక పాయ తగ్గింది. ఇంకోటి లాగింది. "నవ్వుతూ సేవ." ఇంకో మెట్టు లేచింది. "కుర్చీల అప్పగింత." "అలుపెరగని సేవ, మొదటి సవరణ." "సవరణకు సవరణ." ఒక్కో ఉత్తర్వు బయటికి వచ్చినప్పుడల్లా ఒక్కో మెట్టు ఊపిరి పీల్చుకున్నట్టు లేచింది, ప్రతిదానికీ జనం చప్పట్లు. డైరెక్టరుగారు నోరు తెరుచుకుని తన సంతకాలు ఒక్కొక్కటే నేల మీద పడడం చూస్తూ తొక్కుతున్నారు. ఆఖరి మడత కూడా వచ్చేసింది.

అయినా ఒక స్వరం ఆగలేదు. ఆ పెద్ద హాలులో ఒంటరిగా, సన్నగా, "గా..." అంటూ మోగుతోంది.

"ఇదేమిటి? ఇంకా ఒకటి మోగుతోందేం?"

"ఇది అసలు ఫిర్యాదు సార్. వానలు మొదలైనప్పుడు మీకు రాశాను."

డైరెక్టరుగారు కొంచెం తేరుకున్నారు. ఒక్క మెట్టే కదా మిగిలింది. గొంతులో డైరెక్టరు మళ్లీ పలికాడు. "దానికి... విడిగా ఒక అర్జీ పెట్టుకోండి. పరిశీలిస్తాం."

అంతే, వర్ధనానికి ఒళ్లు మండిపోయింది. ఇంతసేపూ లోపల అణిచిపెట్టుకున్న కోపం ఒక్కసారి పైకి వచ్చింది. చేతిసంచి తెరిచి ఉప్పుకాగితం ముక్క తీసింది. నూకరాజు అడక్కుండానే స్క్రూడ్రైవరు అందించాడు. ఇత్తడి పలక ఊడదీసి ప్రభంజన్ చేతికిచ్చింది. అతని చప్పట్లు అలా ఆగాయి.

"మేడమ్! ప్రభుత్వ ఆస్తి! అనుమతి లేకుండా గీకితే..."

"మీరు తొక్కుతూ ఉండండి సార్" అంది వర్ధనం, తల ఎత్తకుండా. "ఎక్కడ పట్టిందో నాకు వినబడాలి."

ఆయన తొక్కారు. ఏం చేస్తారు? ఆమె పైచెక్క తీసి మెట్టు పైకి పీకింది. గాంధారం ఒక్కసారి గట్టిగా అరిచింది. మెట్టు పక్కచెక్కని ఉప్పుకాగితంతో రుద్దింది, తండ్రి రుద్దినట్టే, చెక్క ధూళిని నోటితో ఊదుకుంటూ. తిరిగి కూర్చోబెట్టి, ఒకసారి నొక్కి, వేలు తీసింది. మెట్టు లేచింది. హాలంతా నిశ్శబ్దం.

నూకరాజు డైరెక్టరుగారిని భుజాలు పట్టుకుని లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. కుర్చీలో కూడా ఆయన కాళ్లు కాసేపు ఆడుతూనే ఉన్నాయి.

వర్ధనం పెట్టె ముందు కూర్చుంది. ఏం వాయించాలని అనుకోలేదు. వేళ్లు వాటంతటవే పోయాయి, సన్యాసయ్య తెర లేచేముందు వాయించే చిన్న వరస మీదికి. గాంధారం వచ్చింది, చెప్పాల్సింది చెప్పింది, తప్పుకుని మధ్యమానికి దారిచ్చింది. వానాకాలం మొదలైనప్పటినుంచి ఆ స్వరం అలా తప్పుకోవడం ఆమె వినలేదు. కన్నీళ్లకి మెట్లు కనబడలేదు ఆమెకి. అయినా వాయించింది.

అయిపోయాక ఎవరూ అరవలేదు. సీతన్న లేవబోయి, లేవలేక, కూర్చునే అన్నాడు, పక్కవాడితో చెప్పినట్టు. "వన్స్‌మోర్ అమ్మా."

ఆమె మళ్లీ వాయించింది.

తర్వాత వర్ధనానికి ఛార్జి మెమో వచ్చింది. ప్రభుత్వ ఆస్తిని అనుమతి లేకుండా గీకినందుకూ, ఒక ఉత్తమ మెట్టు నిలకడని చెడగొట్టినందుకూ సంజాయిషీ అడుగుతూ. ఆమె అది పూర్తిగా చదివింది. దిట్టమైన కాగితం. నాలుగు మడతలు పెట్టి, వంగి, హార్మోనియం పొట్టికాలి కింద దోపింది. పాత సర్క్యులరు అప్పటికే నలిగిపోయింది.

"ఇయ్యాల ఏ పాట మేడమ్మా?" అన్నాడు నూకరాజు, పిల్లల్ని లోపలికి తోలుతూ.